అడ్డుకట్ట కింది మడుగులో బార్బెల్ వేట

నదికి అడ్డంగా కట్ట కట్టి నీటిని కొంత ఎత్తున నిలిపి, మిగిలిన నీరు కట్టమీదుగా పొర్లిపోయేటట్లు చేస్తే, ఆ నీరు దూకేచోట నేల కోసుకొనిపోయి లోతైన మడుగు ఏర్పడుతుంది. కట్టకు ఎగువన నీరు గాజుపలకవలె నెమ్మదిగా కదులుతూ ఉంటుంది. దిగువన అదే నీరు నురుగులు కక్కుతూ, సుళ్లు తిరుగుతూ ఉరుకుతుంది. ఇంగ్లండులో థేమ్స్, ట్రెంట్, సెవర్న్ మొదలైన నదులమీద పిండిమరలు తిప్పడంకోసమూ, పడవల రాకపోకలకోసమూ కట్టిన ఇటువంటి చిన్న అడ్డుకట్టలు అనేకం ఉన్నవి. వాటి కింది మడుగులు గాలం వేసేవారికి పేరుపడ్డ తావులు. అక్కడ వారు ముఖ్యంగా వెదికే చేప బార్బెల్.

ఈ వేట చూడడానికి కాలక్షేపంగా కనిపిస్తుంది. కాని దీనిలో భౌతికశాస్త్రమూ, జీవశాస్త్రమూ రెండూ ఇమిడి ఉన్నవి. చేప ఎక్కడ నిలుస్తుందో తెలియాలంటే నీటి నడక తెలియాలి. పట్టిన చేపను ప్రాణంతో తిరిగి వదలాలంటే దాని శ్వాసక్రియ తెలియాలి. మడుగులో చేపలు గుంపుగా ఉన్నంతమాత్రాన నది అంతటా చేపలు సమృద్ధిగా ఉన్నట్లేనా అన్న ప్రశ్న వీటికంటె పెద్దది. దానికి సమాధానం ఈ వ్యాసం చివరకు వచ్చేసరికి తేలుతుంది.

మీసాల చేప

బార్బెల్ శాస్త్రీయ నామం బార్బస్ బార్బస్. లాటిన్ భాషలో 'బార్బా' అంటే గడ్డం. పై పెదవి దగ్గర రెండు జతలుగా వేలాడే నాలుగు మీసాలనుబట్టి దీనికి ఆ పేరు వచ్చింది. మీసాలు అనగానే మనకు జెల్ల, వాలుగ జ్ఞప్తికి వస్తాయి. కాని వాటికి పొలుసులు లేవు. బార్బెల్‌కు ఒళ్లంతా పొలుసులున్నవి. ఇది మన బొచ్చె, శీలావతి చేరిన కార్పు కుటుంబానికే చెందినది.

దీని శరీర నిర్మాణం ప్రవాహంలో బ్రతకడానికి తగినట్లు ఉన్నది. ఒళ్లు పొడవుగా, కదురువలె సన్నగిలి ఉంటుంది. పొట్ట చదునుగా ఉంటుంది కనుక నేలకు ఆనుకొని నిలవగలదు. నోరు ముక్కుకు కిందిభాగాన ఉండి, నేలమీది ఆహారాన్ని ఏరుకోవడానికి అనువుగా తెరుచుకుంటుంది. తల వాలుగా ఉండడంచేతనూ, రొమ్ము దగ్గరి వాజాలు విశాలంగా ఉండడంచేతనూ ఎదురువచ్చే నీరు చేపను పైకి లేపక కిందికే అదుముతుంది. వెన్నువాజం ముందరి ముల్లుకు వెనుక అంచున రంపపు పళ్లవంటి నొక్కులు ఉంటాయి.

దవడలకు పళ్లు లేవు. గొంతులోపల గట్టి పళ్లు ఉన్నవి. నత్తలు, రాళ్లకింది పురుగులు, చిన్న రొయ్యలవంటి జీవులు, అప్పుడప్పుడు చిన్న చేపలు దీని ఆహారం. మీసాలమీద రుచిని తెలుసుకొనే కణాల గుంపులు ఉంటాయి. అందుచేత చీకటిలోగాని, వరదకు మురికిపట్టిన నీటిలోగాని కంటితో పని లేకుండానే ఇది మేత వెదుక్కోగలదు. సంధ్యవేళల్లోనూ, రాత్రిపూటనూ చురుకుగా తిరగడం దీని అలవాటు.

సాధారణంగా అర మీటరునుండి ముప్పాతిక మీటరువరకు పెరుగుతుంది. ఇంగ్లండులో 21 పౌండ్లకు, అంటే సుమారు తొమ్మిదిన్నర కిలోగ్రాములకు మించిన చేపలు కూడా పట్టుబడినవి. ఇది పదిహేను ఇరవై ఏండ్లు బ్రతుకుతుంది. ఆడచేప గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి అయిదారేండ్లు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ పడుతుంది. ఇంత నిదానంగా ఎదిగే చేప ఒక్కటి అకాలంగా చచ్చినా ఆ లోటు త్వరగా పూడదు.

పూర్వకాలంలో ఇంగ్లండు తూర్పు తీరానికి ప్రవహించే నదులలో మాత్రమే ఇది సహజంగా ఉండేది. మంచుయుగం చివర సముద్రమట్టం తక్కువగా ఉండి ఇంగ్లండు యూరప్ ఖండంతో కలిసి ఉన్నప్పుడు, థేమ్స్ వంటి నదులు రైన్ నదీ వ్యవస్థతో కలిసి ఉండేవి. బార్బెల్ ఆ దారిన వచ్చింది. పడమటి దిక్కున ఉన్న సెవర్న్ నదిలో 1956లో కెన్నెట్ నదినుండి తెచ్చిన చేపలను వదిలిన తరువాతనే ఇది వ్యాపించింది.

ఈ చేప గుడ్లు తినదగినవి కావు. తిన్నవారికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. 1653లో వెలువడిన తన గాలపువేట గ్రంథంలోనే ఐజాక్ వాల్టన్ ఈ విషయాన్ని హెచ్చరించాడు.

మడుగు ఏర్పడే విధం

ఎత్తున ఉన్న నీటికి స్థితిజశక్తి ఉంటుంది. అది కిందికి దూకినప్పుడు గతిజశక్తిగా మారుతుంది. ఘర్షణను లెక్కలోకి తీసుకోకపోతే, 1 మీటరు ఎత్తునుండి పడే నీటి వేగం సెకనుకు సుమారు 4.4 మీటర్లు, 2 మీటర్లనుండి పడితే సుమారు 6.3 మీటర్లు. మామూలుగా సెకనుకు అర మీటరు నడిచే నది ఒక్కచోట ఇంత వేగంతో నేలను తాకితే ఇసుక, కంకర నిలవవు. అవి కొట్టుకుపోయి గుంట పడుతుంది. గుంట లోతైనకొద్దీ పడే నీరు అందులోని నీటితోనే ఢీకొని శక్తిని పోగొట్టుకుంటుంది. నేలను ఇక కోయలేని లోతు వచ్చేవరకు గుంట పెరుగుతూ ఉంటుంది.

పైకి లేచిన రాళ్లు ఎంతో దూరం పోవు. మడుగు చివర ప్రవాహం విశాలమై వేగం తగ్గగానే ముందు పెద్దరాళ్లు, తరువాత గులకరాళ్లు, ఆ తరువాత ఇసుక వరుసగా కిందపడతాయి. కనుక మడుగు దిగువ అంచున గులకరాళ్ల మెట్ట ఒకటి ఏర్పడుతుంది. నడిమి ధారకు ఇరుప్రక్కల నీరు వెనుకకు మళ్లి, కట్టవైపు మెల్లగా తిరుగుతుంది. ఈ విధంగా ఒక్క మడుగులోనే తెల్లని నురుగునీరు, లోతైన గుంట, వెనుకకు నడిచే నీరు, పలుచని గులకరాళ్ల నేల ఇన్ని తావులు దగ్గరదగ్గరగా దొరుకుతాయి.

నురుగులోని ప్రాణవాయువు

20 సెంటీగ్రేడు డిగ్రీల దగ్గర ఒక లీటరు గాలిలో సుమారు 280 మిల్లీగ్రాముల ఆమ్లజని, అనగా ఆక్సిజన్, ఉంటుంది. అదే వేడిమిలో ఒక లీటరు మంచినీటిలో కరగగలిగేది సుమారు 9 మిల్లీగ్రాములే. అంటే చేప మనకంటె ముప్పైరెట్లు బీదదైన నిధినుండి ప్రాణవాయువును తీసుకోవాలి. నీరు వేడెక్కినకొద్దీ ఈ నిధి ఇంకా తరుగుతుంది. 10 డిగ్రీల నీటిలో లీటరుకు 11.3 మిల్లీగ్రాములు కరగగా, 25 డిగ్రీల నీటిలో 8.3 మాత్రమే కరుగుతుంది. అయితే నీరు వేడెక్కితే చేప శరీరంలోని క్రియలు వేగిరపడి, దానికి కావలసిన ఆమ్లజని పెరుగుతుంది. ఎండకాలంలో చేపకు రాబడి తగ్గి ఖర్చు పెరుగుతుందన్నమాట.

కట్టమీదుగా దూకే నీరు గాలిని బుడగలుగా తనతో లోపలికి ఈడ్చుకొనిపోతుంది. చిన్న బుడగలన్నిటి ఉపరితలం కలిపితే చాలా విశాలం అవుతుంది. ఆ ఉపరితలం గుండా గాలిలోని ఆమ్లజని నీటిలో కరుగుతుంది. ఎగువన నిలిచిన నీటిలో ఆమ్లజని తరిగి ఉన్నా, కట్ట దిగువన ఆ లోటు చాలావరకు తీరుతుంది. నీరు తగ్గి వేడెక్కిన వేసవిలో బార్బెల్ నురుగునీటి దగ్గరకు చేరడానికి ఇది ఒక ముఖ్య కారణం.

బెల్జియం శాస్త్రజ్ఞుడు మార్సెల్ హ్యూయె 1949లో పడమటి యూరప్ నదులను వాటి వాలు, వెడల్పులనుబట్టి నాలుగు మండలాలుగా విభజించాడు. కొండదగ్గరినుండి వరుసగా అవి ట్రౌట్ మండలం, గ్రేలింగ్ మండలం, బార్బెల్ మండలం, బ్రీమ్ మండలం. వేగంగా నడిచే నీరు, గులకరాళ్ల నేల బార్బెల్ మండలపు లక్షణాలు. వరుసగా అడ్డుకట్టలు కట్టి నెమ్మదిపరచిన నదిలో ఆ లక్షణాలు ముక్కలుముక్కలుగా, కట్టల కిందనే మిగులుతాయి. కాబట్టి బార్బెల్ అక్కడకు చేరుతుంది.

చేప నిలిచే తావు

అంత ఉరుకునీటిలో చేప అలసిపోకుండా ఎట్లా నిలుస్తుంది? ప్రవహించే ద్రవంలో నేలను తాకుతున్న పొర ఘర్షణవలన దాదాపు కదలకుండా ఉంటుంది. దానిపై పొర కొంచెం, ఆపై పొర ఇంకొంచెం వేగంగా కదులుతాయి. పైన చూస్తే భయంకరంగా పరుగెత్తే నీటికింద, గులకరాళ్ల నడుమ, పెద్దరాతి వెనుక, ప్రవాహం మందంగా ఉంటుంది. చదునైన పొట్టగల బార్బెల్ ఆ మందమైన పొరలో ఒదిగి నిలుస్తుంది. దాని తలపైనుండి పోయే వేగపు నీరు పురుగులను, గుడ్లను, నత్తలను దాని ముందుకు మోసుకొని వస్తుంది.

అనుభవజ్ఞులైన వేటగాండ్రు మడుగును చేరగానే గాలం వేయరు. కొంతసేపు నీటిని చూస్తారు. వేగంగా పోయే ధారకు, నెమ్మదిగా ఉన్న ప్రక్కనీటికి మధ్య ముడతవంటి గీత ఒకటి నీటిపై కనబడుతుంది. నురుగు తునకలు, ఎండుటాకులు ఆ గీతవెంట పోతూ ఉంటాయి. పైన తేలేవాటిని చేర్చినట్లే నీరు అడుగున మేతను కూడా ఆ హద్దువెంటనే చేరుస్తుంది. కనుక ఎరను అక్కడ వేస్తారు. వరద వచ్చినప్పుడు నడిమిధారలో చేప నిలవలేదు; అప్పుడు గట్టు ప్రక్క మందపు నీటిలో వెదకాలి. నీరు బాగా చల్లబడిన చలికాలంలో బార్బెల్ కదలికలు, ఆకలి రెండూ తగ్గుతాయి.

గాలం, సీసం, ఎర

బార్బెల్ అడుగున మేసే చేప గనుక ఎర కూడా అడుగుకు చేరాలి. ఇందుకు దారానికి సీసపు గుండు కట్టి నేలకు ఆనిస్తారు. నీరు గుండుపై చూపే ఒత్తిడి వేగపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. ప్రవాహం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలు అవుతుంది. ఒక తావున కదలక నిలిచిన గుండు, నాలుగడుగుల అవతల కొట్టుకొనిపోవడానికి కారణం ఇదే. దారం కూడా నీటి ఒత్తిడికి విల్లువలె వంగి గుండును లాగుతుంది. కాబట్టి కర్రను ఎత్తిపెట్టి, నీటిలో మునిగే దారాన్ని వీలైనంత తగ్గిస్తారు.

ఎరను వేసేచోటు కూడా లెక్కకు లొంగేదే. మడుగు లోతు 3 మీటర్లు, ప్రవాహవేగం సెకనుకు 1 మీటరు, గుండు సెకనుకు 1 మీటరు చొప్పున దిగుతుందనుకొందాం. అది నేలను చేరడానికి 3 సెకనులు పడుతుంది. ఈలోగా నీరు దానిని 3 మీటర్లు దిగువకు తీసుకొనిపోతుంది. అంటే చేప ఉన్న తావుకు 3 మీటర్ల ఎగువన వేస్తేనే ఎర చేప ముందుకు చేరుతుంది.

పూర్వం పెద్ద వానపాములు ముఖ్యమైన ఎర. 19వ శతాబ్దిలో థేమ్స్ నదిలో వేటకుముందు వేలకొద్ది వానపాములను నీటిలో చల్లి చేపలను మరిగించేవారు. ఇప్పుడు ఈగపురుగులు, జున్నుముక్కలు, డబ్బా మాంసపు ముక్కలు, చేపమేత గుళికలు ఎక్కువగా వాడుతున్నారు. వాసన, రుచి నీటిలో కరిగి దిగువకు వ్యాపించే పదార్థమేదైనా మీసాల చేపకు జాడ తెలుపుతుంది.

పట్టుబడిన చేప

గాలానికి తగిలిన బార్బెల్ ప్రవాహాన్ని ఆసరా చేసుకొని చాలాసేపు పెనుగులాడుతుంది. మెల్లగా ఈదేటప్పుడు చేప వాడేవి ఎర్రని కండరాలు. అవి ఆమ్లజనితో పనిచేస్తాయి. హఠాత్తుగా బలమంతా చూపవలసినప్పుడు తెల్లని కండరాలు పూనుకుంటాయి. అవి ఆమ్లజని అందేవరకు ఆగకుండా నిలువచేసిన చక్కెర పదార్థాన్ని విరిచి శక్తిని పుట్టిస్తాయి. దానివలన లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. పరుగుపందెం ముగిసిన విద్యార్థి ఎంతోసేపు రొప్పుతాడు. చేప కూడా అట్లాగే తరువాత ఎక్కువ ఆమ్లజని తీసుకొని ఈ 'ఆమ్లజని ఋణం' తీర్చుకోవాలి.

ఇంగ్లండులో వినోదంకోసం పట్టిన బార్బెల్‌ను ప్రాణంతో తిరిగి నీటిలో వదలడం ఆచారం. కాని అలసిన చేపను ఒడ్డునుండి నీటిలోకి విసిరితే అది ప్రక్కకు ఒరిగి, మొప్పలగుండా నీటిని నడుపుకోలేక చచ్చిపోవచ్చు. అందుచేత దానిని రెండుచేతులతో నిటారుగా, తల ఎగువకు ఉండేటట్లు, మందమైన ప్రవాహంలో పట్టుకుంటారు. తనంతట తాను తోక ఆడించి చేతులనుండి పోయేవరకు అట్లా ఉంచాలి. ఇందుకు ఒక్కొక్కప్పుడు చాలా నిమిషాలు పడుతుంది. వేసవిలో నీరు వేడెక్కినప్పుడు ఋణం తీరడం మరీ కష్టం. మరీ సన్నని దారం వాడితే పెనుగులాట పొడుగై చేపకు ప్రాణాపాయం పెరుగుతుంది. గట్టి దారంతో త్వరగా తీయడమే దయ. రంపపు ముల్లు వలలో చిక్కుకుంటుంది కనుక పట్టిన బార్బెల్‌ను సంచివలలో నిలువ ఉంచకూడదు.

గుడ్లు పెట్టే కాలంలో చేపను కాపాడడానికి ఇంగ్లండులో 1878లో మంచినీటి చేపల చట్టం చేశారు. ఇప్పటికీ అక్కడి నదులలో మార్చి 15నుండి జూన్ 15వరకు ఇటువంటి చేపలకు గాలం వేయడం నిషిద్ధం.

నురుగునీటి ప్రమాదం

మడుగు అందాన్ని చూచి కట్టదగ్గరకు పోవడం మనిషికి క్షేమం కాదు. దూకిన నీరు అడుగుకు పోయి, పైకి లేచి, ఉపరితలంమీద తిరిగి కట్టవైపుకే దొర్లుతుంది. అందులో పడినవానిని అది మళ్లీమళ్లీ కట్టకిందికి చేరుస్తుంది. పైగా నురుగునీరు మామూలు నీటికంటె తేలిక. ఉదాహరణకు దాని ఘనపరిమాణంలో అయిదోవంతు గాలిబుడగలైతే సాంద్రత కూడా అయిదోవంతు తగ్గుతుంది. మనిషి శరీరపు సాంద్రత నీటి సాంద్రతకు దాదాపు సమానం కనుక అటువంటి నీటిలో ఎంత ఈతగాడైనా తేలలేడు. వేటగాండ్రు మడుగు దిగువభాగాన, గట్టుమీద నిలబడడానికి ఇదే కారణం.

ఆశ్రయమా, చెరసాలా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. వసంతం చివర, సాధారణంగా మే, జూన్ నెలల్లో, నీరు 15 డిగ్రీలకు చేరువైనప్పుడు బార్బెల్ గుడ్లు పెట్టడానికి ఎగువకు ప్రయాణిస్తుంది. దానికి వేగంగా నడిచే పలుచని నీరు, శుభ్రమైన గులకరాళ్ల నేల కావాలి. ఆడచేప గులకరాళ్ల సందులలో గుడ్లు విడుస్తుంది. ఆ సందులగుండా నీరు పారుతూ ఉంటేనే గుడ్లకు ఆమ్లజని అందుతుంది.

అడ్డుకట్ట ఇక్కడ రెండువిధాల అడ్డుపడుతుంది. మొదటిది, దారి మూసుకొనిపోతుంది. బార్బెల్ సాల్మన్ చేపవలె ఎగిరి దూకగలది కాదు. ఇంగ్లండులోని నిడ్ నదిలో లూకస్, ఫ్రియర్ అనే పరిశోధకులు బార్బెల్ చేపలకు చిన్న రేడియో ప్రసారిణులను అమర్చి వాటి ప్రయాణాన్ని గమనించి, ఫలితాలను 1997లో ప్రకటించారు. నీటి పరిమాణాన్ని కొలవడానికి కట్టిన ఒక అడ్డుకట్ట దగ్గరకు చేరిన చేపలలో అనేకం దానిని దాటలేకపోయినవి. రెండవది, కట్టకు ఎగువన నిలిచిన నీటిలో ఒండ్రు దిగి గులకరాళ్ల సందులు పూడిపోతాయి. దాటిపోగలిగిన చేపకు కూడా మంచి తావు దగ్గరలో దొరకదు.

దీనినిబట్టి మడుగులోని చేపల గుంపుకు రెండు అర్థాలున్నట్లు తేలుతుంది. ఆమ్లజనికోసం, మేతకోసం చేరినవి కొన్ని. దారి లేక ఆగిపోయినవి కొన్ని. గాలానికి రోజూ చేపలు తగులుతున్నవి గనుక నది సమృద్ధిగా ఉన్నదని అనుకుంటే పొరపాటు. మైళ్లకొద్ది నదిలో చెదరి ఉండవలసిన చేపలు ఒక్క గుంటలో కనబడుతూ ఉండవచ్చు.

దీనికి విరుగుడు చేపలమెట్లు. కట్టప్రక్కన మెట్లుమెట్లుగా చిన్న తొట్లుగాని, వేగాన్ని తగ్గించే పలకలుగల కాలువగాని నిర్మించి చేపలకు దారి కల్పిస్తారు. 1909లో బెల్జియం ఇంజనీరు డెనిల్ కనిపెట్టిన పలకల కాలువ ఆయన పేరనే ప్రసిద్ధమైనది. సెవర్న్ నదిమీద వూస్టర్ నగరం దగ్గర డిగ్లిస్ అడ్డుకట్టకు 2020లో పెద్ద చేపలదారి ఒకటి నిర్మించారు. షాడ్ అనే వలసచేపకోసం ముఖ్యంగా దానిని తలపెట్టినా, ఇతర చేపలకు కూడా అది ఉపయోగకరమే. పని తీరిపోయిన పాత అడ్డుకట్టలను తొలగించడం మరొక మార్గం.

మన నదులలో

ఆ షాడ్‌కు దగ్గరి చుట్టమే మన పులస. వరదకాలంలో గోదావరిలో ఎదురీదివచ్చే పులసకు ధవళేశ్వరం దగ్గర దారి ఆగిపోతుంది. అక్కడ 1852లో ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో పూర్తయిన ఆనకట్ట డెల్టాను సస్యశ్యామలం చేసింది. దాని స్థానంలో వచ్చిన బ్యారేజికి ఆయన పేరే పెట్టారు. సేద్యానికి నీరు ఇచ్చిన కట్టే చేపకు గోడ అయింది. ఈ రెండూ నిజమే.

బార్బెల్‌కు కూడా మన నదులలో చుట్టాలున్నారు. కృష్ణానదీ వ్యవస్థలోని మూలా, ముఠా నదుల మహాసీర్ చేపను 1839లో సైక్స్ వర్ణించినప్పుడు దానిని బార్బస్ ప్రజాతిలోనే చేర్చాడు. ఇప్పుడు దాని పేరు టార్ ఖుద్రీ. మీసాలు, ఉరుకునీరు, గులకరాళ్ల నేల దానికి కూడా ఇష్టమైనవే.

తరగతిలో చేయదగిన ప్రయోగం

ఒక మీటరు పొడవుగల రేకు తొట్టిలో మూడు వేళ్ల మందాన ఇసుక, చిన్న గులకరాళ్లు కలిపి పరచవలెను. ఒక చివరను కొంచెం ఎత్తి, మధ్యలో చెక్కపలకను అడ్డంగా గుచ్చి, పైనుండి గొట్టంతో నీరు వదలవలెను. కొద్దిసేపటిలో పలక దిగువన గుంట, ఆ గుంట అంచున రాళ్ల మెట్ట కనబడతాయి. పలకకు ఎగువన సన్నని బురద దిగుతుంది. నీటిపై రంపపుపొట్టు చల్లితే ముడతగీత, వెనుకకు తిరిగే నీరు స్పష్టమవుతాయి. తరువాత విద్యార్థులను రెండు ప్రశ్నలు అడగవచ్చును: ఈ తొట్టిలో చేప ఎక్కడ నిలుస్తుంది? అది గుడ్లు పెట్టడానికి ఎక్కడికి పోగలదు? మొదటి ప్రశ్న వేటగాడికి చాలు. రెండవది నదిని కాపాడవలసిన ప్రతివారికీ కావాలి.